జనరల్ బోగీలో రాష్ట్ర చేప

మన దగ్గర ప్రొటోకాల్ ఎంత దిగజారిందో చెప్పాలంటే, మొన్న జూన్‌లో మృగశిర కార్తె ముందు రోజు నేను చేసిన రైలు ప్రయాణం గురించి చెప్పాలి. మానుకోట (మహబూబాబాద్) నుంచి వరంగల్‌కు, అటూ ఇటూగా 60 కిలోమీటర్లు. నాతో పాటు తెలంగాణ రాష్ట్ర చేప కూడా వచ్చింది. ఒకటి కాదు, నాలుగు. 20 లీటర్ల పెయింట్ బకెట్లో.

కొర్రమట్ట మన రాష్ట్ర చేప అన్న సంగతి దాన్ని పులుసు పెట్టేవాళ్లలో చాలామందికి తెలియదు. రాష్ట్ర పక్షి పాలపిట్ట, రాష్ట్ర జంతువు జింక. వీటిలో దేన్ని బకెట్లో పెట్టుకొని రైలెక్కినా ఫారెస్టోళ్లు స్టేషన్ దాటనివ్వరు. పైగా పాలపిట్టను దసరా నాడు చూస్తే చాలు, పుణ్యం. కొర్రమట్టను చూస్తే సరిపోదు, మృగశిర నాడు తినాలి. (చేప ముట్టని వాళ్లు బెల్లంలో ఇంగువ కలిపి మింగుతారు. వాళ్ల త్యాగం గురించి ఎవరూ రాయరు.)

మా బామ్మర్ది వీటిని బయ్యారం చెరువు నుంచి తెప్పించాడు. ఆ చెరువు తవ్వించింది కాకతీయ గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ. అంటే నా బకెట్లో ఉన్నవి ఆషామాషీ ప్రయాణికులు కావు, రాచ చెరువు నీళ్లు తాగినవి. మూత పెడుతుంటే బామ్మర్ది, "బావా, నీళ్లు నిండ పొయ్యకు, మునిగి సస్తయి" అన్నాడు. చేప నీళ్లలో మునిగి చావడమేంటని నవ్వాను. నిజమే. కొర్రమట్టకు మొప్పలొక్కటే చాలవు, మధ్యమధ్యలో పైకొచ్చి గాలి మింగాలి. రానివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక పోతుంది. అందుకే లోపల జానెడు నీళ్లు, మూతకు మేకుతో కొట్టిన ఎనిమిది బొక్కలు, మీద తడి గోనెసంచి.

జనరల్ బోగీ ఎక్కాక ఆ మాట నాకు పూర్తిగా అర్థమైంది. అక్కడ కూడా పది నిమిషాలకొకడు తోసుకుంటూ తలుపు దాకా వచ్చి, గాలి మింగి, మళ్లీ లోపలికి మునుగుతున్నాడు. కాకపోతే మాకెవరూ బొక్కలు లెక్కపెట్టి కొట్టలేదు. తడి గోనెసంచి ఊసే లేదు.

చట్టం సంగతీ చూద్దాం. 1989 నాటి రైల్వే చట్టం 165వ సెక్షన్ ప్రకారం నలుగురికీ ఇబ్బంది కలిగించే సరుకు బండెక్కిస్తే 500 రూపాయల దాకా జరిమానా. చేప కంపు కొట్టేది చచ్చాకే కదా! కాబట్టి చట్టాన్ని గౌరవించే పౌరుడు చేపను ప్రాణంతోనే తీసుకెళ్లాలి. కుక్కనైతే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసి తీసుకెళ్లాలి, లేదంటే గార్డు పెట్టె దగ్గరి డబ్బాలో వేయాలి. చేపకు ఆ తిప్పలు లేవు. సెకండ్ క్లాస్ టికెట్ మీద 35 కిలోల సామాను ఉచితం. నా బకెట్ మొత్తం కలిపినా పది కిలోలు దాటదు. ఇంకో 25 కిలోల రాష్ట్ర చేపను వదులుకొని వచ్చానన్నమాట.

ఇదే లైన్లో కోస్తా నుంచి ఎండ్రికాయలు కూడా వస్తుంటాయి, డెక్కలు తాడుతో కట్టేసి. మొప్పలు తడిగా ఉంటే చాలు, నీళ్లు లేకుండా రోజుల తరబడి బతుకుతాయి. సీటడగవు, చెయ్యెత్తవు. వీటి సంగతి బోగీలు డిజైన్ చేసేవాళ్ల చెవిన పడకుండా చూసుకోవాలి.

కేసముద్రం దాటాక మూత లేచింది. ఒక కొర్రమట్ట ఎగిరి ఎవరి కాలి మీదో పడింది. "పామో!" అని ఒక కేక. అప్పటిదాకా చీమకు చోటులేని బోగీలో నాలుగడుగుల ఖాళీ ఎక్కడి నుంచి పుట్టిందో నాకిప్పటికీ తెలియదు. ఒక ముసలవ్వ కొంగు చేతికి చుట్టుకొని, తల వెనక ఒడిసి పట్టుకొని పైకెత్తింది.

"పామేందిరా నీ మొకం, కొర్రమట్ట. కిలో మీదనే ఉంటది. ఎంతకు దొరికింది బిడ్డా?"

నేను ధర చెప్పాను. మోసపోయానని బోగీ మొత్తం తీర్మానించింది. చింతపండు పులుసా, మామిడికాయ వేయాలా అన్న చర్చ నెక్కొండ దాకా నడిచింది. అంతకు ముందు ఒక పెద్దాయన ఎంత బతిమాలినా కదలని కుర్రాడు లేచి, కిటికీ పక్కన బకెట్‌కు చోటిచ్చాడు. "గాలి తగలాలె గద అన్నా" అన్నాడు. పెద్దాయన కూడా తలూపాడు, నిలబడే.

వరంగల్ వచ్చింది. దిగేవాళ్లకంటే ఎక్కేవాళ్లు ఎక్కువ. "ముందు చేపలు, ముందు చేపలు" అంటూ బకెట్‌ను తలల మీదుగా చేతులు మార్చి, చుక్క నీళ్లు ఒలకకుండా ప్లాట్‌ఫాం మీదికి దించారు. నన్ను దించడానికి మాత్రం ఎవరికీ చేతులు ఖాళీ లేవు. బండి కదిలింది. బకెట్ మూత మీద చెయ్యి వేసి నిలబడ్డ ముసలవ్వ కిటికీలోంచి కాసేపు కనబడింది.

కాజీపేటలో దిగగానే టీసీ పట్టుకున్నాడు. టికెట్ వరంగల్ వరకే. 250 రూపాయల జరిమానా, ఆపైన చార్జీ. రసీదు రాస్తూ, లగేజీ ఏమైనా ఉందా అని అడిగాడు.

వరంగల్‌లోనే దిగిపోయిందని చెప్పాను.