చికిత్స మందు ఆపితే పోయే ప్రాణాల మాటేమిటి?

పంజాబ్‌లో కొన్ని ప్రైవేటు డీ-అడిక్షన్ కేంద్రాల నుంచి, హెరాయిన్ అలవాటుకు చికిత్సగా ఇచ్చే బుప్రెనార్ఫిన్-నాలాక్సోన్ మాత్రలు నల్లబజారుకు చేరాయి. 2025లో అక్కడి ప్రభుత్వం నిబంధనలు బిగించింది. మాత్రలు అమ్ముకున్నవాళ్లను వదలకూడదు, నిఘా ఉండాల్సిందే. కానీ ఆ వంకతో ‘ఒక మత్తు మాన్పించడానికి ఇంకో మత్తా’ అంటూ చికిత్స మీదే దండెత్తడం ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే.

హెరాయిన్, నల్లమందు అలవాటు మాన్పించడానికి వాడే మెథడోన్, బుప్రెనార్ఫిన్‌లలో ఏది సురక్షితం? మెథడోన్ ఒంట్లో చాలాసేపు నిలుస్తుంది. నిన్నటి మోతాదు దిగకముందే ఇవాళ్టిది తోడవుతుంది. అందుకే మొదటి వారాల్లో శ్వాస మందగించి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఎక్కువ. గుండె లయా దెబ్బతినవచ్చు. బుప్రెనార్ఫిన్ అయితే ఒక స్థాయి దాటాక మోతాదు పెంచినా శ్వాసను అంతకంటే పెద్దగా అణచదు. అలాగని అదేమీ పిప్పరమెంటు బిళ్ల కాదు. మద్యంతోనో, ఆందోళన తగ్గించి నిద్ర తెప్పించే ఆల్‌ప్రజోలంతోనో కలిస్తే అదీ ప్రాణం తీస్తుంది. కల్లులో ఆల్‌ప్రజోలం కలిపి అమ్మే తెలంగాణలో ఏ డాక్టరైనా ‘కల్లు తాగుతావా’ అని అడగకుండా చీటీ రాయకూడదు. ఇక చికిత్సలో ఎక్కువ కాలం నిలబడేది మెథడోన్ తీసుకునేవాళ్లే.

ఇంతవరకు అందరూ చెబుతారు. మందు ఆగిపోతే ఏమవుతుందో మాత్రం చెప్పరు. 19 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణను బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2017లో ప్రచురించింది. వెయ్యి మందిని ఏడాదిపాటు గమనిస్తే మెథడోన్ తీసుకుంటున్నవాళ్లలో 11 మంది, మానేసినవాళ్లలో 36 మంది చనిపోయారు. బుప్రెనార్ఫిన్‌లో తీసుకుంటుండగా నలుగురు, మానేశాక తొమ్మిది మందికి పైనే. ఏ మందైనా సరే, ఆగితే చావులు రెట్టింపు, మూడు రెట్లు!

2014లో ఉక్రెయిన్‌కు చెందిన క్రిమియాను కలిపేసుకున్న రష్యా, తన చట్టం ఒప్పుకోదని అక్కడ ఈ చికిత్సను నిలిపేసింది. అప్పటికి దాని మీద ఉన్నవాళ్లు సుమారు 800 మంది. వారిలో 80 నుంచి 100 మంది చనిపోయారని ఐక్యరాజ్యసమితి ప్రతినిధి మిషెల్ కజాచ్‌కిన్ 2015 జనవరిలో చెప్పారు. ఏడాదైనా తిరగలేదు.

మన దేశంలో ఈ చికిత్స ఇచ్చే ప్రభుత్వ ఓఎస్‌టీ కేంద్రం కిటికీ దగ్గర ఒక్క పూట నిలబడి చూడండి. నర్సు మాత్రను పొడి చేసి నాలుక కింద వేస్తుంది. కరిగేదాకా అక్కడే కూర్చోవాలి. నోరు తెరిచి చూపించాకే వెళ్లనిస్తారు. రోజూ ఇదే తంతు అయితే అడ్డా కూలీకి ఆ పూట పని పోతుంది. నాలుగు రోజులు పని పోయాక అతను కిటికీ దగ్గరికి రావడం మానేస్తాడు. ఇంటికి కొన్ని రోజుల మాత్రలు ఇచ్చే వెసులుబాటు అతని కోసమే. దొంగ కేంద్రాల పాపానికి ఆ వెసులుబాటును కోస్తే శిక్ష పడేది అతనికే.

2019లో ఎయిమ్స్ సర్వే ప్రకారం నల్లమందు జాతి మత్తుతో ఇబ్బంది పడుతున్నవాళ్లు దేశంలో సుమారు 77 లక్షలు. వాళ్లలో చికిత్స మానేసినవాళ్లు ఎందరో, వాళ్లేమయ్యారో ఏ ఆరోగ్యశాఖ మంత్రి అయినా సభలో చెప్పారా? పోయిన మాత్రలకు పైసాతో సహా లెక్క కట్టే మీకు పోయిన మనుషులను లెక్కపెట్టే తీరిక లేదా? ముందు ఆ లెక్క బయటపెట్టండి. మందు మీద ఆంక్షల సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.