తిరుగు పడవలో చెత్త సంచికీ చోటుండాలి

కాలిఫోర్నియాలో వెంచురా హార్బర్ నుంచి పొద్దున్నే బోటెక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా శాంటా క్రూజ్ దీవికి చేరతాం. వంతెన లేదు. దిగాక కొనుక్కుందామంటే అగ్గిపెట్టె కూడా దొరకదు. స్కార్పియన్ అనే చోట లోయలో 31 టెంట్ సైట్లు, తాగునీటి కుళాయిలు, గుంత మరుగుదొడ్లు, సైటుకో బల్ల, తిండి దాచుకోవడానికి గట్టిగా మూతపడే పెట్టె ఉంటాయి. చెత్తబుట్ట మాత్రం వెతికినా కనపడదు. తెచ్చుకున్నది ఏదైనా, తొక్కతో సహా, మనమే వెనక్కి మోసుకుపోవాలి. నేను చెప్పాలనుకున్నదంతా ఆ లేని చెత్తబుట్ట గురించే.

వెళ్లొచ్చిన మనవాళ్లు వాట్సాప్‌లో పెట్టే ఫొటోల్లో డాల్ఫిన్లుంటాయి, నక్కలుంటాయి, కేవర్న్ పాయింట్ కొండ అంచున సెల్ఫీలుంటాయి. తిరుగు ప్రయాణంలో కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్న చెత్త సంచి ఫొటో ఎవరూ పెట్టగా నేను చూడలేదు. ఆ దీవి నాకు నేర్పింది ఏదైనా ఉంటే ఆ సంచే నేర్పింది.

మేం రెండు కుటుంబాలం వెళ్లాం, మాదీ మా తోడల్లుడిదీ. బోటులో ఒక్కో సామాను 45 పౌండ్లు, అంటే 20 కిలోల పైచిలుకు మించకూడదన్నారు కాబట్టి ఒకే పెద్ద పెట్టెలో పట్టాల్సింది నాలుగు సంచులైంది. పెళ్లికి వెళ్తున్నట్టు సర్దుకునే అలవాటు ఎక్కడికి పోతుంది? చిప్స్ ప్యాకెట్లు, బిస్కెట్లు, జ్యూస్ డబ్బాలు, ప్లాస్టిక్ ప్లేట్లు, గాజు సీసాలో ఆవకాయ, అక్కడ కుళాయి ఉందని తెలిసి కూడా రెండు డజన్ల నీళ్ల సీసాలు. రేవు నుంచి లోయలోకి దాదాపు కిలోమీటరు నడవాలి. ఆ నడకలోనే నీళ్ల సీసాల మీద మా ఆవిడకి విరక్తి పుట్టింది.

టెంటు వేసే హడావిడిలో పులిహోర డబ్బా ఉన్న బ్యాగు బల్ల మీద వదిలేశాం. అక్కడి బొంతకాకులు జిప్పులు తీస్తాయని బోటులోనే హెచ్చరించారు, మేం నవ్వుకున్నాం. వాటిలో ఒకటి వచ్చి బల్ల మీద వాలి, జిప్పు కొసని ముక్కుతో పట్టుకుని మూడు తడవలుగా లాగింది. నాలుగోసారికి తల లోపల పెట్టింది. "ఏం అన్నయ్యా, దీనికి పులిహోర వాసన ఎవరు నేర్పారు" అని మా తోడల్లుడు అంటుండగానే డబ్బా కింద పడి మూత ఊడింది. నవ్వు అక్కడితో ఆగింది. ఎందుకంటే నేల మీద పడిన మెతుకులు వదిలేయడానికి వీల్లేదు, నక్కలు తినేస్తాయి, మనుషుల తిండి మరిగితే వాటి బతుకు పాడవుతుంది. మరదలు, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, నేను, ఎండలో గొంతుక్కూర్చుని ఆకుల మధ్య నుంచి మెతుకులు, పల్లీలు, ఎండుమిర్చి తొడిమలు ఒక్కొక్కటీ ఏరాం. ఇంట్లో ఎప్పుడైనా కింద పడినవి ఇంత శ్రద్ధగా ఎత్తానా అంటే, ఎత్తలేదు.

మర్నాడు సాయంత్రానికి మా చెత్త సంచి బస్తా అంత అయింది. అడుగున కారుతోంది కూడా. పక్క సైటులో పెద్దవయసు దంపతులు మూడు రాత్రుళ్లుగా ఉంటున్నారు, వాళ్ల సంచి రెండు పిడికిళ్లంత. ఎలా అని అడిగితే ఆవిడ తన డబ్బాలు చూపించింది. అట్టపెట్టెలూ ప్యాకెట్లూ అన్నీ ఇంట్లోనే విప్పేసి, తినేది మాత్రం డబ్బాల్లో సర్దుకొచ్చారు. వాళ్లేదో గొప్ప పర్యావరణవేత్తలని కాదు. మొదటిసారి వచ్చినప్పుడు మాలాగే బస్తా మోశారట, నడుం నొప్పెట్టింది, అంతే.

నాకు ఈ విషయంలో ఎక్కడలేని ఉత్సాహం వచ్చేది ఇక్కడే. చెత్త గురించి మనం చేసే ప్రచారమంతా పారేసే క్షణం దగ్గర మొదలవుతుంది: తడి చెత్త ఇందులో, పొడి చెత్త అందులో, గోడల మీద బొమ్మలు, చెత్త బళ్ల మీద స్పీకర్లు. దీవి నియమం దాన్ని కొనే క్షణానికి జరుపుతుంది. ఈ ప్యాకెట్టు రేపు ఖాళీ అయ్యాక కూడా నా భుజం మీదే ఉంటుందని తెలిసినవాడు సూపర్‌మార్కెట్‌లోనే చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. జరిమానా భయం కాదు, ఉపన్యాసం కాదు, బరువు ఒక్కటే పని చేస్తుంది. అది పని చేయడానికి కారణం పడవ. కారు వెళ్లే చోటైతే డిక్కీలో ఎంతైనా పడుతుంది, దారిలో ఎక్కడో కిటికీ దించితే సరిపోతుంది. పడవలో సీట్లు లెక్క, సామాను లెక్క, మన సంచి మన కాళ్ల దగ్గరే ఉండాలి, పక్కవాళ్లకి వాసన కూడా తెలుస్తుంది.

ఇదే దీవిలో చెత్తకి సంబంధించిన ఇంకో కథ ఉంది, అది తెలిశాక నాకు ఆ నక్కని చూడటమే కష్టమైంది. ద్వీప నక్క అంటారు దాన్ని, రెండు కిలోలకు అటూ ఇటూగా, పెంపుడు పిల్లికన్నా చిన్నది, శాంటా క్రూజ్ ఉన్న ఈ చానెల్ ఐలాండ్స్ అనే దీవుల గుంపులో తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. లాస్ ఏంజెలెస్ దగ్గర ఒక ఫ్యాక్టరీ 1947 నుంచి డీడీటీ అనే పురుగుమందు తయారు చేసింది, వ్యర్థాలు మురుగుకాలవల్లోంచి సముద్రంలోకి పోయాయి. ఆ మందు చేపల్లోకి వెళ్లింది, చేపలు తినే బట్టతల గద్దల్లోకి (బాల్డ్ ఈగిల్స్) వెళ్లింది, వాటి గుడ్ల పెంకులు పల్చబడి పొదిగితే పగిలిపోయాయి, 1960ల కల్లా ఈ దీవుల్లో ఆ గద్దలు లేకుండా పోయాయి. వాటి జాగా ఖాళీ అయింది. ఒకప్పుడు మనుషులు తెచ్చి వదిలేస్తే అడవిపాలైన పందుల పిల్లలు కావలసినన్ని దొరుకుతుండటంతో 1990లలో బంగారు గద్దలు వచ్చి గూళ్లు కట్టాయి. అవి నక్కల్ని కూడా ఎత్తుకుపోవడం మొదలుపెట్టాయి. శాంటా క్రూజ్‌లో వెయ్యికి పైగా ఉన్న నక్కలు వంద లోపుకు పడిపోయాయి. 2004లో వాటిని అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చారు.

దాన్ని సరిచేయడానికి ఏం చేశారో చూడండి: నక్కల్ని బోనుల్లో పెట్టి పిల్లల్ని పెంచారు, బంగారు గద్దల్ని పట్టి దీవి దాటించి ప్రధాన భూభాగానికి తరలించారు, అయిదు వేలకు పైగా పందుల్ని తొలగించారు, బట్టతల గద్దల్ని వేరే చోట నుంచి తెచ్చి వదిలారు. 2006లో దాదాపు యాభై ఏళ్ల తర్వాత ఆ దీవిలో ఒక గద్దపిల్ల గుడ్డులోంచి మామూలుగా బయటికొచ్చింది. 2016లో శాంటా క్రూజ్ నక్క జాబితాలోంచి బయటపడింది. ఎవరో ఎక్కడో కాలవలోకి వదిలేసిన దానికి ఇంత తతంగం.

తెలుగులో మనం చెత్తని పారేస్తాం అంటాం. మాటలోనే ఉంది, అది పారుతుంది. హైదరాబాద్‌లో పారేసింది జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకి పారుతుంది, అక్కడి గుట్ట మీద వాన పడితే నల్లటి నీళ్లు మల్కారం చెరువులోకి పారతాయి, బోర్లలోకి దిగుతాయి, ఆ చుట్టుపక్కల ఉండేవాళ్లు ఎన్ని ఏళ్లుగా మొత్తుకుంటున్నారో మీకు తెలుసు. గేటెడ్ కమ్యూనిటీలో ఉండేవాడికి చెత్త పొద్దున ఏడింటికి మాయమయ్యే వస్తువు. "చెత్త తీసేవాడు వస్తాడులే" అంటాం. ఆ వాడు ఎవరో, ఏ వాడ నుంచి వస్తాడో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. మన శుభ్రత అంతా ఇంకొకడి పుట్టుక మీద నడుస్తున్న వ్యవహారం. ఆ దీవిలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది ఇదే: తిరుగు బోటులో అందరి దగ్గరా సంచి ఉంది. లక్షల డాలర్ల జీతగాడు, కాలేజీ పిల్లలు, రిటైరైన టీచర్లు, ఎవడి సంచి వాడిదే. ఇంకొకరికి అప్పజెప్పడానికి అక్కడ ఇంకొకరు లేరు.

ఇప్పుడు మన దీవుల సంగతి. సీప్లేన్ 2024 నవంబరులో విజయవాడ నుంచి శ్రీశైలానికి ఎగిరింది, లక్నవరంలో మూడో దీవి మీద రిసార్టు వచ్చింది, భవానీ ద్వీపానికి ఏటా ఏదో ఒక కొత్త ప్లాను, నాగార్జునకొండకు మాత్రం ఇప్పటికీ లాంచీయే దిక్కు. ప్రతి ప్రకటనలోనూ ఒకటే మాట, సౌకర్యాలు. కాటేజీ, ఏసీ, రెస్టారెంటు, ఈతకొలను. సౌకర్యం అంటే మనకి అర్థం, మన తర్వాత శుభ్రం చేసే మనిషి. అతని జీతం ఎంతో, చెత్తని అతను ఎక్కడ పోస్తున్నాడో ఏ టూరిజం బ్రోషర్‌లోనూ ఉండదు. కొన్నేళ్ల క్రితం గోదావరి మీద ఒక బోటులో భోజనాలయ్యాక ప్లేట్లు, గ్లాసులు నింపిన నల్ల సంచి వెనక నుంచి నెమ్మదిగా నీళ్లలోకి జారింది. కాసేపు తేలింది, తర్వాత లేదు. చూసినవాళ్లం పదిమందిమి ఉంటాం. ఎవరూ ఏమీ అనలేదు, నేనూ అనలేదు. పైన డెక్ మీద అంత్యాక్షరి జరుగుతోంది.

ఇదంతా అమెరికాలో కుదురుతుంది, ఇక్కడ ముందు ప్రాణాలు దక్కనివ్వండి అంటారు. కచ్చులూరును ఎవరు మర్చిపోతారు? 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదలో ఉండగా వెళ్లిన బోటు మునిగి యాభై మంది దాకా పోయారు, దాన్ని బయటికి తీయడానికే నెల దాటింది. రిసార్టులు వస్తే స్థానికులకి ఉద్యోగాలొస్తాయని ఇంకో మాట. రెండూ కొట్టిపారేసేవి కావు. కానీ వరదలో బోటు వదలకూడదన్నదానికి, లైఫ్ జాకెట్ వేసుకోవాలన్నదానికి కాటేజీ జవాబు కాదు. వాతావరణం బాగోకపోతే వెంచురాలో బోటు రద్దు చేస్తారు, టికెట్టు కొన్నవాడు ఎంత గింజుకున్నా. ఇక ఉద్యోగాలంటారా, టెంట్లు అద్దెకిచ్చేవాళ్లు, బోటు నడిపేవాళ్లు, దారి చూపించేవాళ్లు ఊరివాళ్లే అయితే గదులు ఊడ్చే పనికన్నా అదే మేలని నా అభిప్రాయం.

ఒక్క దీవి ఇవ్వండి. కృష్ణలో కావచ్చు, లక్నవరంలో కావచ్చు. నీళ్లు నిలకడగా ఉండే కార్తీకంలో ఇరవై టెంట్లు, కుళాయి, మరుగుదొడ్డి, అంతే. దుకాణం వద్దు, చెత్తబుట్ట అసలే వద్దు. ఘాట్ దగ్గర ఒక్కొక్కరి చేతికి సంచి ఇచ్చి డిపాజిట్ తీసుకోండి, సంచి తిరిగొస్తే డబ్బు తిరిగొస్తుంది. జనం ఒప్పుకోరంటే నేను నమ్మను. తిరుమలలో గాజు సీసాకి డిపాజిట్ కట్టి, నీళ్లు తాగి, సీసా ఇచ్చి డబ్బు వెనక్కి తీసుకోవడం మనవాళ్లకి అలవాటైపోయింది. నీలగిరుల్లో మందు సీసాకి పది రూపాయలు అదనంగా పెడితే ఖాళీ సీసాలు అడవిలోకి కాకుండా కొట్టుకే తిరిగొచ్చాయి, తాగినవాడికే అంత జ్ఞానం ఉన్నప్పుడు వనభోజనాలకొచ్చినవాడికి ఉండదా. అన్నట్టు ఆ వనభోజనాలకి మన పెద్దవాళ్లు పట్టుకెళ్లింది విస్తరాకులే. ఉసిరిచెట్టు కింద థర్మోకోల్ ప్లేట్లు ఎప్పుడొచ్చాయో గుర్తు లేదు, నేనూ వాటిలో తిన్నవాణ్ణే.

వెంచురాలో దిగేసరికి సాయంత్రం అయిదు దాటింది. మా బస్తాని నేనూ మా తోడల్లుడూ చెరో కొస పట్టుకుని పార్కింగ్ దాకా మోశాం, అడుగున ఇంకో కవరు తొడిగినా డిక్కీలో ఊట కారింది, బే ఏరియా దాకా కారంతా ఆవకాయ, కుళ్లిన అరటితొక్కల వాసన. వెనక సీట్లో మా అమ్మాయి ముక్కు మూసుకుని పడుకుంది. రాత్రి పన్నెండింటికి ఇల్లు చేరి, ఆ బస్తాని పక్కసందులో ఉన్న మా బిన్‌లోకి తోసి మూత వేశాను. గురువారం పొద్దున ట్రక్కు వచ్చి ఎత్తుకెళ్లిపోయింది. ఎక్కడికి ఎత్తుకెళ్తుందో, ఆరేళ్లుగా అదే ఇంట్లో ఉంటున్నా, నాకు తెలీదు.