సంతకానికి ముందు తెలుగులో వినిపించండి

మా పిన్ని ఒడియా బాగా మాట్లాడుతుంది. కూరగాయల బేరమైనా, బస్సు కండక్టరుతో చిల్లర తగువైనా ఒడియాలోనే. చదవడం మాత్రం రాదు. ఒడిశాలోని గజపతి జిల్లాలో, ఆంధ్ర సరిహద్దు పల్లె ఆవిడది. ఊరి పేరు రాయను, ఆవిడ ఇంకా అక్కడే బతకాలి.

పోయినేడాది ఒక సాయంత్రం గుడి నుంచి వస్తుంటే బైక్ మీద ఇద్దరు వచ్చి మెడలో పుస్తెలతాడు పట్టి లాగారు. ఆవిడ వదల్లేదు. వెనకాల కూర్చున్నవాడు తోసేశాడు. తాడు పోయింది, కుడి మణికట్టు విరిగింది. మర్నాడు కట్టుతోనే స్టేషన్‌కి వెళ్లి జరిగిందంతా చెప్పింది. సంతకం చేయడం వచ్చిన మనిషే, కట్టు వల్ల ఎడమచేతి వేలిముద్ర వేసి వచ్చింది.

ఎఫ్ఐఆర్ ఫొటో నాకు వాట్సాప్‌లో పంపారు. ఇక్కడ నాతో పనిచేసే ఒడియా మిత్రుడు చదివి చెప్పాడు. గొలుసు లాక్కుపోయారని ఉంది. తోశారని లేదు, చెయ్యి విరిగిందని లేదు. ఫోన్ చేసి అడిగితే, ‘‘ఏటి రాసేరో నాకేటి తెలుసు నాన్నా, ఎయ్యమన్న చోట ఏలిముద్ర ఏసీసేను’’ అంది.

లేని ఆ ఒక్క వాక్యం చిన్నదేం కాదు. నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత ప్రకారం లాక్కుపోవడం స్నాచింగ్ నేరం, శిక్ష 3 ఏళ్ల వరకు. దొంగతనం కోసం మనిషిని గాయపరిస్తే అది దోపిడీ, 10 ఏళ్ల దాకా కఠిన కారాగారం పడొచ్చు. ఎవరో కావాలని వదిలేశారని నేననను. ఆవిడ కంగారులో తెలుగులో చెప్పింది, రాసేవాళ్లు ఒడియాలో రాశారు. మధ్యలో ఆవిడ చెయ్యి జారిపోయింది.

నేరం కేసులు ఎలా నడపాలో చెప్పే చట్టం, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, బాధితుల గురించి చాలానే చెప్పింది. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అంటారే, అది. ఒక అడుగు ఒడిశాలో, ఇంకో అడుగు శ్రీకాకుళంలో పెట్టి బతికే మనవాళ్లకి ఇది ప్రాణం లాంటిది. ‘‘మా పరిధి కాదు, అవతలికెళ్లండి’’ అనే మాట ఇక చెల్లదు. ఎఫ్ఐఆర్ కాపీ బాధితులకు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా తెలియజేయాలి. సాక్ష్యం కోసం ఆడవాళ్లను స్టేషన్‌కి పిలిపించకూడదు, ఇంటికే రావాలి. ఈ సంగతి తెలియక మా పిన్ని ఆ చెయ్యి పట్టుకుని రెండు బస్సులు మారి నాలుగుసార్లు తిరిగింది. కేసు ఎత్తేయాలని ప్రభుత్వం అనుకుంటే బాధితుల మాట విన్నాకే కోర్టు ఒప్పుకోవాలి. నిందితుణ్ణి కోర్టు వదిలేస్తే బాధితులే అప్పీలు చేసుకోవచ్చు. ఈ అప్పీలు హక్కు 2009 చివరి నుంచే ఉంది.

ఇన్ని హక్కులూ ఆ మొదటి కాగితం మీదే నిలబడతాయి. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని, చెప్పినవాళ్లకు చదివి వినిపించాలని చట్టం అంటుంది. ఏ భాషలో అన్నది అక్కడ లేదు. కోర్టులో అయితే ఉంది: సాక్షి ఒక భాషలో చెప్పింది ఇంకో భాషలో నమోదై, సాక్షికి ఆ భాష రాకపోతే, సాక్షి మాట్లాడిన భాషలో గానీ, సాక్షికి అర్థమయ్యే భాషలో గానీ దాన్ని వివరించాలి. కోర్టులో న్యాయమైనది స్టేషన్‌లో ఎందుకు కాదు? తన ఫిర్యాదు తనకు అర్థం కాకుండా వేలిముద్ర వేయించుకోవడం నా దృష్టిలో చదివి వినిపించడం కాదు.

మనవాళ్లు తెలుగులోనే రాసి ఇచ్చుకోవచ్చు కూడా. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా గోడు చెప్పుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. బరంపురంలో, పర్లాకిమిడిలో, రాయగడలో తెలుగు వాడుకలో లేదని ఎవరంటారు? గిడుగు రామమూర్తి పంతులుగారు జనం మాట్లాడే తెలుగు కోసం పోరాటం మొదలుపెట్టింది పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే. అక్కడి గిరిజనులైన సవరల భాష నేర్చుకుని వాళ్లకి వాళ్ల భాషలో చదువు చెప్పాలని తపించిన మనిషాయన. ఆయన పుట్టినరోజని ఆగస్టు 29న మనం ఇక్కడ సభలు చేస్తున్నాం. ఆయన తిరిగిన వీధుల్లో ఒక ముసలావిడకు తన ఫిర్యాదు తన భాషలో వినపడాలని అడగడం కూడా ఆయన పనే అని నమ్ముతున్నాను.

పిన్ని విషయంలో ఆలస్యమైనా ఒక దారి దొరికింది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కి ఫోన్ చేస్తే చాలు. పరిహారం దరఖాస్తు కూడా అక్కడే. ఆవిడకు వచ్చిన వకీలమ్మకు తెలుగు వచ్చు. పోలీసులు ఇంటికి వచ్చి మళ్లీ వాంగ్మూలం రాసుకున్నారు, వకీలమ్మ దాన్ని పిన్నికి తెలుగులో వినిపించింది. మా తమ్ముడు వీడియో కాల్ పెట్టాడు. పిన్ని మంచం మీద కూర్చుని కళ్లు మూసుకుని వింటోంది. ‘తోసేశాడు’ అన్నచోట చెయ్యెత్తి ఆపింది. ‘‘ముందు చెయ్యి మెలేసేడు, అప్పుడు తోసీసేడు. అది కూడా రాయండమ్మా’’ అంది. రాశారు.

మన తెలుగు సంఘం వచ్చే కార్యవర్గ సమావేశంలో నేను రెండు తీర్మానాలు పెడుతున్నాను. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో తెలుగు ఫిర్యాదుదారులకు ఎఫ్ఐఆర్‌ను తెలుగులో వినిపించి, తెలుగు ప్రతి కూడా ఇవ్వాలని ఒడిశా ప్రభుత్వానికి వినతిపత్రం ఒకటి. పై హక్కులన్నీ తెలుగులో ఒక్క పేజీలో అచ్చువేసి ఆ ఊళ్లకు పంపడానికి సేవానిధి నుంచి డబ్బు రెండోది. ఆ నాలుగు జిల్లాల్లో తెలుగు, ఒడియా రెండూ వచ్చిన వకీళ్లు మీకు తెలిసుంటే, సమావేశానికి ముందే నాకు చెప్పండి.