ఎమినెమ్ ఒక్క రాత్రిలో స్టార్ కాలేదు

"తొమ్మిదో తరగతి మూడుసార్లు ఫెయిల్. బడి మానేశాడు. డాక్టర్ డ్రే కంట్లో పడ్డాడు, ఒక్క రాత్రిలో స్టార్ అయ్యాడు. ఇక వెనక్కి తిరిగి చూసుకోలేదు. చదువుతో పనేముంది?" అమెరికన్ రాపర్ ఎమినెమ్ ఫొటోల మీద ఈ మాటలు రాసిన రీల్ వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. డ్రే అంటే పేరుమోసిన రాప్ సంగీత నిర్మాత. మొన్న ఇంటర్ తప్పిన మా మేనల్లుడు నాకూ పంపి, "చూశావా మామయ్యా?" అన్నాడు. వాడు తెలుగులో రాప్ రాస్తాడు, బాగా రాస్తాడు. అందుకే దీన్ని చూసీ చూడనట్టు వదిలేయలేకపోయాను.

ఫెయిలైన మాట నిజమే. 17 ఏళ్లకు బడి వదిలేసిన మాటా నిజమే. మిస్సోరీకీ డెట్రాయిట్‌కీ మధ్య తల్లితో ఇళ్లు మారుతూ, ఏ బళ్లోనూ కుదురుకోలేక, తోటి పిల్లల చేతుల్లో దెబ్బలు తిన్న కుర్రాడు అతను. కానీ చదవడం మాత్రం మానలేదు. మాటల కోసం డిక్షనరీ ముందేసుకుని కూర్చునేవాడు. 2010లో ఒక టీవీ ఇంటర్వ్యూలో ఈ సంగతి చెప్పాడు. ఇంగ్లిషులో "ఆరెంజ్"కి ప్రాస కుదరదని అందరూ అంటారు. ఆ మాటంటే తనకు ఒళ్లు మండుతుందని చెప్పి, ఆ పదాన్నే కాస్త విరిచి పలుకుతూ ఫోర్ ఇంచ్, డోర్ హింజ్, స్టోరేజ్, పారిజ్, జార్జ్ అని వరసగా కట్టి చూపించాడు. మన పద్యంలో ప్రాస రెండో అక్షరం మీద నిలబడుతుంది. అతని ప్రాస అచ్చుల మీద, పలికే తీరు మీద నడుస్తుంది. ఆ ఇంటర్వ్యూలోనే పెట్టెలో నింపుకున్న కాగితాలు బయటకు తీశాడు. చిన్న చిన్న అక్షరాలు, అడ్డదిడ్డంగా, ఒక మాట ఈ మూల, ఒక మాట ఆ మూల. మందుగుండు పోగేసుకోవడం అన్నాడు దాన్ని. చదువుతో పనిలేని మనిషి చేసే పనేనా ఇది?

ఇక "ఒక్క రాత్రి" సంగతి. ఆ రాత్రి ఎంత పొడుగో చూడండి. డెట్రాయిట్‌లో సెవెన్ మైల్ రోడ్డు మీద హిప్ హాప్ షాప్ అని ఒక బట్టల కొట్టు ఉండేది. శనివారాలు అక్కడ మైకు పెట్టేవాళ్లు, ఎవరైనా వచ్చి పాడొచ్చు. నడిపించేది అతని స్నేహితుడు ప్రూఫ్. ఎదుట ఉన్నవాళ్లు దాదాపు అందరూ నల్లజాతి కుర్రాళ్లు, ఈ కళ వాళ్లది. తేడా వస్తే నిలబెట్టి కడిగేస్తారు. మిగతా రోజుల్లో ఒక రెస్టారెంట్లో వంట చేస్తూ, గిన్నెలు కడుగుతూ బతికాడు. 1996లో, ఏడాది కూడా నిండని కూతురు ఇంట్లో ఉండగా, ఇన్ఫినిట్ అనే తొలి ఆల్బమ్ తెచ్చాడు. వేసింది వెయ్యి కాపీలు, కాస్త అటూ ఇటూ. ఎవరూ పట్టించుకోలేదు. విన్న కొద్దిమందీ అప్పటికే పేరున్న రాపర్ నాస్‌ని అనుకరిస్తున్నాడన్నారు. అందులో అన్యాయమేమీ లేదు, నాకూ అలాగే వినిపిస్తుంది. 1997లో లాస్ ఏంజెలెస్‌లో రాప్ ఒలింపిక్స్ అనే పోటీకి వెళ్లి రెండో స్థానంలో ఆగిపోయాడు. అద్దె ఇల్లు కూడా పోయిన రోజులవి.

డ్రే మాటకొస్తే, ఆయన లేకపోతే ఈ కథ ఇలా ఉండేది కాదు, కాదనను. కానీ ఆయన చెవిన పడింది అప్పటికే రికార్డు చేసి ఉన్న పాటలు. అవి ముందు ఇంటర్‌స్కోప్ అనే పాటల కంపెనీ పెద్ద జిమ్మీ అయోవిన్‌కి చేరాయి, ఆయన డ్రేకి వినిపించాడు. 1999 ఫిబ్రవరిలో ద స్లిమ్ షేడీ ఎల్‌పీ అనే ఆల్బమ్ వచ్చేసరికి ఎమినెమ్ వయసు 26. తెల్లవాడు కాబట్టే అంతగా అమ్ముడుపోయాడని రీల్ కింద కొందరు రాశారు. ఆ లాభం తనకు దక్కిందని అతనే పాటలో ఒప్పుకున్నాడు. దాచాల్సిందేమీ లేదు. అయితే 1990లో రాపర్ వనిల్లా ఐస్‌ కూడా తెల్లవాడే, లక్షల్లో అమ్ముడుపోయాడు. తర్వాత ఆ స్థాయిలో నిలవలేదు.

రీల్ చివర్లో ఆస్కార్ బొమ్మ పెట్టి "వేదికెక్కి అందుకున్నాడు" అని రాశారు. అదీ తప్పే. 2003లో రాప్ పాటకు మొదటిసారి ఆ బహుమతి వచ్చినప్పుడు అతను హాల్లోనే లేడు. పాట రాయడంలో భాగమున్న లూయీ రెస్టో వెళ్లి తీసుకున్నాడు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది "వెనక్కి తిరిగి చూసుకోలేదు" అన్న మాట. 2006లో ప్రూఫ్‌ని డెట్రాయిట్‌లో ఒక క్లబ్బులో కాల్చి చంపారు. అప్పటికే మాత్రలకు అలవాటుపడిన ఎమినెమ్ మరీ కుంగిపోయాడు. 2007 డిసెంబర్‌లో మెథడోన్ అనే నొప్పి మందు మోతాదు మించి ఆస్పత్రి పాలయ్యాడు, చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. 2008 ఏప్రిల్ నుంచి మత్తు ముట్టలేదు. ఆ తర్వాత రాప్ చేయడం మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాల్సి వచ్చిందని తనే చెప్పాడు. 2009లో వచ్చిన ఆల్బమ్ తనకే నచ్చలేదు, మరుసటి ఏడాది పాటలోనే ఆ మాట అనేశాడు. అప్పటికి అతను ప్రపంచమంతా తెలిసిన స్టార్, అయినా మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడ్డాడు.

ఇదంతా ముందు మేనల్లుడికే పంపాను. ఇన్ఫినిట్ ఒకసారి విని, వెంటనే 1999 ఆల్బమ్ వినరా అన్నాను. రాత్రి ఫోన్ చేశాడు. "మామయ్యా, మొదటిదాంట్లో గొంతే వేరుగా ఉంది, ఇద్దరు మనుషులనుకున్నా" అన్నాడు.