ఎలుకలకు విశ్వాసం లేదు

మూలికల మీద పరిశోధనలు చేసే శాస్త్రవేత్తలతో నాకో పేచీ ఉంది. మందును ముందుగా ఎలుకకు ఇస్తారు. ఎలుకకు పూర్వీకుల మీద గౌరవం ఉండదు కదా! మా బాబాయికి ఉంది. వేపాకు, నేలవేము వేసి, నాలుగు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా గంటసేపు మరిగించి, ముక్కు మూసుకుని గుక్కలో తాగేసి, "సగం జ్వరం దిగిందిరా" అంటాడు. గిన్నె ఇంకా చల్లారి ఉండదు. ఇంత త్వరగా ఫలితం చెప్పిన ఎలుక ఒక్కటైనా ఉందా?

చైనా వాళ్లనే చూడండి. వియత్నాం యుద్ధంలో సైనికులు మలేరియాతో కూలిపోతుంటే 1967 మే 23న మందు కోసం రహస్యంగా ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు. ఆ తేదీ మీదే దానికి 523 అని పేరు. అందులో టు యుయు అనే ఆవిడ బృందం పాత వైద్య గ్రంథాలన్నీ తిరగేసి, వందలకొద్దీ మూలికల సారాలు తీసి ఎలుకల మీద ప్రయోగించింది. చింగ్‌హావ్ అనే మొక్క ఒకసారి బాగానే పనిచేసింది. మళ్లీ చేసి చూస్తే చేయలేదు. మనమైతే మొదటిసారికే సీసాల్లో పోసి లేబుళ్లు అంటించేవాళ్లం. రెండోసారి చూడటమేమిటి, చేజేతులా చెడగొట్టుకోవడం కాకపోతే!

ఆవిడ మళ్లీ పుస్తకం తీసింది. నాలుగో శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ రాసిన మాట: గుప్పెడు ఆకు నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగాలి. మరిగించమని లేదు. వేడికి మందు చచ్చిపోతోందేమోనని, 35 డిగ్రీలకే మరిగే ఈథర్ అనే ద్రవంతో సారం తీశారు. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లో మలేరియా క్రిములను పూర్తిగా తుడిచిపెట్టింది. ఆ తర్వాత ఆవిడ, సహచరులు తామే తాగి చూశారు. అక్కడికి మా బాబాయి పద్ధతికి వచ్చారు, కాకపోతే కాస్త ఆలస్యంగా. 2015లో ఆవిడకు నోబెల్ ఇచ్చారు. బాబాయికి ఎవరూ ఇవ్వలేదు.

నిరుడు ఆయనకు ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియా వచ్చింది. మూడు పూటలా కషాయం తాగాడు. పిన్ని పోరు పడలేక డాక్టరిచ్చిన మూడు రోజుల మాత్రలూ వేసుకున్నాడు. తగ్గింది. కషాయం మహిమేనని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మాత్రల వల్ల నోరు చేదెక్కిందని కూడా రాశాడు, నేలవేము తాగిన నోటితో.

"బాబాయ్, ఆ మాత్రల్లో ఉన్నది చైనా ఆకు నుంచి పుట్టిన ఆర్టెమిసినిన్ మందే. ఆ మొక్క మన వినాయక చవితి పత్రిలో వచ్చే మాచిపత్రికి చుట్టం" అన్నాను.

ఆయన కళ్లు మెరిశాయి.

"నేను మొదట్నుంచీ మొత్తుకోవడం లేదూ? ఏమే, పెద్ద గిన్నె పెట్టు. పెరట్లో మాచిపత్రి ఉందిగా, ఈసారి రెండు గంటలు మరిగిద్దాం."