లీడర్‌షిప్ పైప్‌లైన్ మా ఊరికి ఎప్పుడేస్తారు?

పాస్టర్ల ట్రైనింగ్ గురించి మాట్లాడ్డానికి నీకేం అర్హత ఉంది అని ఎవరైనా అడగొచ్చు, అందుకే ముందే చెప్పేస్తున్నా. నేను పాస్టర్ని కాదు, పాస్టరు గారబ్బాయిని, పైగా పదకొండేళ్ళుగా ట్రాన్స్‌లేటర్ని. ఫారిన్ నుంచి వచ్చిన సారు పక్కన ఇంకో మైకు పట్టుకుని ఒకడు నిలబడతాడే, వాణ్ణి. నా అంత ట్రైనింగ్ అయినవాడు జిల్లాలో ఇంకొకడు ఉండడు, ఎందుకంటే ప్రతి పాఠం నేను రెండుసార్లు వింటా, ఒకసారి ఆయన నోటి నుంచి, ఇంకోసారి నా నోటి నుంచి. రెండుసార్లు విన్నా అర్థం కానివి ఉన్నాయి, అది వేరే సంగతి.

అసలు సమస్య ఏంటంటే మన పల్లెల్లో అయ్యగార్లకి, అంటే పాస్టర్లకి, చదువు లేదట. చదువుకునే చోట్లు లేక కాదు. బెంగాల్లో సెరాంపూర్ కాలేజీ 1818లో పెట్టారు, డిగ్రీలిచ్చే హక్కు 1827లో ఏకంగా డెన్మార్క్ రాజు రాసిచ్చాడు, ఆ సెరాంపూర్ డిగ్రీలే ఇచ్చే ఆంధ్రా క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ 1964లో రాజమండ్రిలో మొదలై తర్వాత హైదరాబాద్ వెళ్ళింది. కాకపోతే బీడీ, అంటే బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ డిగ్రీ, చేయాలంటే ఏళ్ళ తరబడి హాస్టల్లో ఉండాలి, లావు లావు ఇంగ్లీషు పుస్తకాలు చదవాలి, ఈలోపు ఊళ్ళో ఆటో తోలేదెవరు, ఆదివారం వాక్యం చెప్పేదెవరు, మధ్యలో ఎవరైనా పోతే భూస్థాపన చేసేదెవరు? మూడూ చేసేది ఒకడే మనిషి మరి. అందుకని ఫారిన్ సార్లు అన్నేళ్ళ చదువుని మూడు రోజుల ట్రైనింగ్‌కి కుదించే పద్ధతి కనిపెట్టారు, నోబెల్ వాళ్ళు ఇంకా మనవైపు చూళ్ళేదు గానీ.

మొదటి రోజు శాలువాలు, దండలు, వందనాలు, ఫ్లెక్సీలో తన ఫొటో చిన్నదిగా వేశారని లోకల్ కమిటీ మెంబరు అలగడం, ఆయన్ని బతిమాలడం. మూడో రోజు సర్టిఫికెట్లు, గ్రూప్ ఫొటో, బిర్యానీ. అంటే నికరంగా పాఠం జరిగేది రెండో రోజే, అందులో సగం టైం నాది.

ఆ రెండో రోజు ఒకసారి టాపిక్కు ‘లీడర్‌షిప్ పైప్‌లైన్’, అంటే ఒకరి తర్వాత ఒకరు కొత్త నాయకుల్ని తయారుచేసుకుంటూ పోవడం. గంటన్నర చెప్పాడు సారు. దానికి తెలుగు మాట దొరక్క నేను ‘నాయకత్వ పైప్‌లైన్’ అని లాగించేశా. టీ బ్రేక్‌లో ప్రకాశం జిల్లా మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన ఒక పెద్దయ్యగారు నా దగ్గరకొచ్చి, “బాబూ, ఆ పైప్‌లైన్ మా ఊరికి ఎప్పుడేస్తారో కొంచెం కనుక్కోవా, మాకు వారానికోసారి ట్యాంకరు వస్తంది” అన్నాడు. నేను సారుని అడగలేదు. అడిగుంటే న్యూస్‌లెటర్‌లో ‘పైప్‌లైన్ కోసం తపిస్తున్న నాయకులు’ అని రాసుకునేవాడు, అదీ నిజమే కదా.

మధ్యాహ్నం సబ్బాటికల్. ఏడేళ్ళకోసారి సేవకుడు కొన్ని నెలలు జీతంతో సెలవు తీసుకుని విశ్రాంతి తీసుకోవాలంట, లేకపోతే లోపల కాలిపోతాడంట. హాల్లో అందరూ శ్రద్ధగా రాసుకున్నారు. కాసేపటికి వెనక నుంచి ఒకాయన చెయ్యెత్తి “జీతం అంటే ఎవరిస్తారండి?” అన్నాడు. మా నాన్నకి వచ్చేది ఆదివారం కానుకల సంచిలో పడ్డ చిల్లర, అక్కలు ఇళ్ళల్లో రోజూ పిడికెడు పిడికెడు తీసిపెట్టిన బియ్యం, క్రిస్మస్‌కి ఒక కోడి. ఆ కోడితో సబ్బాటికల్ ఎన్నాళ్ళు వస్తుందో లెక్కేసి చెప్పమని సారుని అడగాల్సింది.

ట్రైనింగ్ అంటే నాకేదో ఏడుపు అనుకునేరు, కాదు. మన దగ్గర ఇది పాత వ్యవహారమే. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలీ ఇప్పించాడు, తిండి కోసం చేరుతున్నారని అనుకుంటారేమోనని కరువు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది. వాళ్ళకి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున దిగి. ఆ ఆరుగురిలో ఎవరి దగ్గరా లామినేషన్ చేసిన సర్టిఫికెట్ లేదని నేను ఘంటాపథంగా చెప్పగలను. ఆడిట్ పెడితే ఆ 2,222 చెల్లవేమో.

1910లో ఎడిన్‌బరోలో పెద్ద మిషనరీ సభ జరిగితే అజరయ్య గారు, తర్వాత రెండేళ్ళకి దోర్నకల్ బిషప్పు అయినాయన, లేచి తెల్లదొరల ముందే చెప్పాడు, మీరు బీదలకి ఆస్తులిచ్చారు, కాల్చడానికి ఒళ్ళు కూడా అప్పగించారు, మేం ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్నివ్వండి అని. ట్రాన్స్‌లేషన్‌లో ఎక్కడో తేడా కొట్టుంటుంది, మనకి రిసోర్స్ పర్సన్లు వచ్చారు.

ఇక మూడో రోజు బిర్యానీకి ముందు పావుగంట ప్రశ్నలు. ఇక్కడే మన అయ్యగార్ల అజ్ఞానం బయటపడుతుంది. పైప్‌లైన్ మీద ఒక్క ప్రశ్న లేదు. ఒకాయన, 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు లేకుండా నేను చేసిన పెళ్ళిళ్ళు చెల్లుతాయా అంటాడు. ఇంకొకాయన, మా పిల్లోడికి ఎస్సీ రాయాలా, క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలకిచ్చే బీసీ-సీ రాయాలా అంటాడు, ఇది 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నుంచి నలుగుతున్న ముడి, మూడు రోజుల్లో ఎవడు విప్పుతాడు. ఊరి శ్మశానంలో మనోళ్ళని పెట్టనివ్వట్లేదు, ఎక్కడ పెట్టాలి అని ఒకాయన. ప్రభుత్వం పాస్టర్లకిచ్చే గౌరవ వేతనం 5,000కి సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితం ఎట్లా అని నలుగురైదుగురు కలిసి. సారు అన్నిటికీ ఒకే జవాబు, చాలా మంచి ప్రశ్న, దీని కోసం ప్రార్థన చేద్దాం. ఆ ముక్క నాకు కంఠతా వచ్చేసింది, సారు నోరు తెరవకముందే తెలుగులో చెప్పేస్తున్నా.

2020లో ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం, మార్చాక విదేశీ డబ్బు ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో దిగాల్సిందే, ఆఫీసు నిర్వహణ ఖర్చుల కింద రాసుకునేది 20 శాతం దాటకూడదు, పైగా టూరిస్టు వీసా మీద వచ్చి బోధలు చేస్తే కుదరదు. దాంతో కొన్నాళ్ళు జూమ్‌లో నడిపారు. తెల్లదుప్పటి మీద సారు మొహం, నోరు తెరిచి ఆగిపోయి ఉండేది, కరెంటు వచ్చేదాకా నేనే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. నిజం చెప్పొద్దూ, ఆ పాఠాలకే మంచి పేరొచ్చింది.

చివర్లో ఒక ఫారం ఇస్తారు. ‘ఈ ట్రైనింగ్ వల్ల వచ్చే ఏడాదిలో మీరు ఎన్ని కొత్త సంఘాలు నాటుతారు?’ అని ఉంటుంది అందులో, నాటడమంటే కొత్త చర్చి పెట్టడం. పైప్‌లైన్ పెద్దయ్యగారు పెన్ను నోట్లో పెట్టుకుని “ఎంత రాస్తే బాగుంటది బాబూ?” అన్నాడు. యేసు పన్నెండుమంది అపొస్తలుల లెక్కలో పోతుంది కదా అని పన్నెండు రాయండి అయ్యగారూ అన్నా.

నిన్న మెయిల్ వచ్చింది, జనవరిలో ఆ పన్నెండూ చూడ్డానికి ఎనిమిది మంది వస్తున్నారంట. పెద్దయ్యగారికి ఫోన్ చేసి చెప్పా. కాసేపు ఏం మాట్లాడలా. తర్వాత నెమ్మదిగా, “మన మందిరానికి దొడ్డి గుమ్మం కూడా ఉంది కదా, అటునుంచి తీసుకొస్తే రెండోది అవుద్దా?” అన్నాడు. ఇంకా పది కావాలి.