బెత్తం గారికి, మీ సన్మానం సందర్భంగా

మహారాజశ్రీ బెత్తం గారికి,

మొన్న ఆదివారం మా పదో తరగతి పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో మీకు జరిగిన సన్మానం కళ్లారా చూశాను. లెక్కల మాస్టారికి శాలువా కప్పడం అయ్యాక, మైకు పట్టుకున్న మావాడు సంచీలోంచి మిమ్మల్ని తీసి "ఇదిగో మన అసలు గురువు" అనగానే హాలంతా ఈలలు. మీకు బొట్టు కూడా పెట్టారు. అక్కడితో ఆగినా ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. బట్టతలలూ బొజ్జలూ వేసుకుని ఒక్కొక్కడే వేదికెక్కి, చెయ్యి చాపి, సరదాగా ఒకటి వేయించుకుని ఫొటో దిగారు. ప్రతివాడిదీ ఒకటే డైలాగు: "మీరు కొట్టబట్టే సార్, ఇంతవాళ్లమయ్యాం."

నా పక్కవాడు మాత్రం లేవలేదు. మాస్టారు మిమ్మల్ని గాల్లో ఒకసారి ఝళిపించారు చూడండి, ఆ చప్పుడుకి వాడి ఎడమ చెయ్యి దానంతటదే తొడ కిందికి వెళ్లిపోయింది. కుడి చేత్తో పకోడీ తింటూనే ఉన్నాడు. వాడికి తెలిసినట్టు కూడా లేదు.

మీ ప్రతిభ మా తరానికి ఒకరు చెప్పాలా. బళ్లో పేము బెత్తం, పొలం గట్టు మీద చింతబరికె, ఇంటికెళ్తే నాన్న బెల్టు, ఎన్ని అవతారాలని! ఆడపిల్లలకి అరచేతి మీద ఒకటో రెండో, మాకు పిక్కలూ వీపూ. మీ గౌరవార్థం రెండు నిక్కర్లు తొడుక్కుని వచ్చేవాళ్లం. అయితే దెబ్బ ఒక్కటే అయితే మానిపోయేది. దాని వెనకాలే వచ్చేది మీ అసలు పాఠం: "ఏడ్చావంటే ఇంకో రెండు పడతాయి, మగపిల్లాడివి కాదూ?" నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాణ్ణీ నమ్మకూడదని సామెత ఎటూ సిద్ధంగానే ఉంది. మేమూ శ్రద్ధగా నేర్చుకున్నాం. నాన్న పోయిన రోజు పాడె మోసి, టెంటువాడికి డబ్బులిచ్చి, భోజనాల లెక్క చూసుకుని "గట్టివాడు" అనిపించుకున్నాం. భార్య ఏమైందంటే ఏం లేదంటాం, రెండోసారి అడిగితే అరుస్తాం. మాకొచ్చిన భాష అంతే.

2007లో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో అడిగిస్తే, బడికెళ్లే పిల్లల్లో దాదాపు ముగ్గురికి ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. అంత శిష్యగణం ఉన్న మీకు పద్మశ్రీ రాకపోవడం అన్యాయమే. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది కదా, అయినా మీకు రిటైర్మెంటు లేదు, కొన్ని హాస్టళ్లలో స్కేలు వేషంలో ఇంకా డ్యూటీ చేస్తూనే ఉన్నారు.

2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో 1,22,724 మంది మగవాళ్లు. అదంతా మీ ఖాతాలో వెయ్యను, అప్పులున్నాయి, రోగాలున్నాయి, ఇంటి గొడవలున్నాయి. కానీ ముందురోజు రాత్రి ఎవరికైనా చెప్పుకుందామంటే నోరు పెగలదే, అందులో మీ చెయ్యి లేదని మాత్రం అనకండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. మా పోలీసు మిత్రుడికి ఆ నంబరు ఇస్తే "నాకేమన్నా పిచ్చా?" అన్నాడు. రోజూ క్వార్టరు పడనిదే నిద్రపట్టని మనిషి.

సరే, ఆ డైలాగు దగ్గరికొద్దాం. ఇంతవాళ్లమయ్యామట. మరి అవ్వనివాడి సంగతేంటి? ఎనిమిదో తరగతిలో పదిహేడో ఎక్కం తప్పాడని నీ చేతిలో తిని, క్లాసు మధ్యలోనే నిక్కరు తడుపుకుని, మర్నాటి నుంచి బడి మొహం చూడకుండా లారీ ఎక్కిపోయాడే క్లీనరుగా, వాణ్ణి సమ్మేళనానికి ఎవడూ పిలవలేదు. నంబరు లేదట. ఇక నిన్ను మీరు అనడం నా వల్ల కాదు. మాలో అందరికన్నా ఎక్కువ తిన్నది వాడే, నీ లెక్కన వాడు ఈపాటికి కలెక్టరై ఉండాలి! మేం బాగుపడింది ఇంట్లో ట్యూషన్ పెట్టించే స్తోమత ఉండబట్టి, కొందరికి నాలుగెకరాలు ఉండబట్టి. అందులో నీ గొప్పేం లేదు.

చేతులు కడుక్కునే చోట మాస్టారు నా పక్కవాణ్ణి ఆపి "నిన్ను మరీ ఎక్కువ కొట్టేవాణ్ణి కదరా" అన్నారు మెల్లగా. వీడు "అబ్బే, అదేం లేదు సార్" అన్నాడు. ముసలాయన ఇంకా ఏదో అనబోయి ఊరుకున్నారు. ఆయన్ని ఎవరు ఎంత కొట్టారో.

బస్టాండులో టీ తాగుతూ ఆ పక్కవాడే ఉన్నట్టుండి మొదలెట్టాడు. "కొట్టేముందు నాన్న వాచీ తీసి బల్ల మీద పెట్టేవాడ్రా. అది చూడగానే తెలిసిపోయేది." తర్వాత చాలాసేపు మాట్లాడాడు, మధ్యలో ఏడ్చాడు కూడా. నేను ఊరుకో అనలేదు, మగాడివన్న మాట అసలే ఎత్తలేదు. నలభై దాటిన మనిషి అంతమందిలో ఏడిస్తే కొంప మునుగుతుందేమో అనుకున్నాను. టీ కొట్టతను అడక్కుండానే ఇంకో రెండు టీలు పెట్టాడు. వాటికీ డబ్బులు తీసుకున్నాడులే. వచ్చేవారం కౌన్సెలింగుకి వెళ్దామనుకుంటున్నాం, వాడొక్కడే అయితే గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చేస్తాడని నేనూ వెళ్తున్నా.

నీకు అద్దాల ఫ్రేము కట్టించి బడికి బహూకరిస్తారట, తలా ఐదొందలు వెయ్యమని గ్రూపులో పెట్టారు. నేను వెయ్యనన్నాను. "ఏంట్రా, సీరియస్ అయిపోయావ్?" అని నవ్వే బొమ్మలు పంపిస్తున్నారు. అవును, సీరియస్సే. ఆ డబ్బుతో ముందు ఆ లారీవాడి నంబరు కనుక్కోండి అని రాశాను.

ఇట్లు,
టెన్త్ బి సెక్షన్, చివరి బెంచి